అమ్మ ముక్కులోంచి బ్రెయిన్ ఆపరేషన్: పదిమంది డాక్టర్లు, రెండు అడ్మిషన్లు, నా రివ్యూ

ముందే చెప్తున్నా, హాస్పిటల్ పేరు రాయడం లేదు. హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేట్ హాస్పిటల్, అంతవరకే. మెచ్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి, తిట్టాల్సింది ఒకటి గట్టిగా ఉంది, ఆ ఒక్కదాని వల్ల ఏ డ్యూటీ డాక్టర్ ఉద్యోగం మీదకో రావడం నాకిష్టం లేదు. మెదడు ఆపరేషన్ అనగానే చుట్టాలందరూ అడిగే మొదటి మాట "సర్జన్ ఎవరు?" నేనూ అదే అడిగాను, పది రోజులు యూట్యూబ్‌లో ఆయన ఇంటర్వ్యూలే చూశాను. తీరా లెక్కేసుకుంటే థియేటర్ బయట ఆయన మాతో మాట్లాడింది మొత్తం కలిపి అరగంట ఉంటుందేమో. ఆయన పని ఆయన బ్రహ్మాండంగా చేశారు, అందులో తిరుగులేదు. కానీ ముందూ వెనకా అమ్మని చూసుకున్నవాళ్లు వేరే ఉన్నారు, ఈ రివ్యూ ఎక్కువగా వాళ్ల గురించే.

ఇదంతా గాజులతో మొదలైంది. మాది ఖమ్మం, అమ్మకి 54. నా పెళ్లికి రెండు ఆరు సైజు వేసుకున్న మనిషి, మా పాప అన్నప్రాసన నాటికి రెండు పది కూడా సబ్బు రాసుకుని ఎక్కించుకుంది. గాజుల షాపాయనే "ఏంటమ్మా, చెయ్యి ఇట్లా పెరిగింది" అన్నాడట. ఉంగరం కంసాలి దగ్గర కోయించాల్సి వచ్చింది, మెట్టెలు రెండుసార్లు మార్చింది, చెప్పులు ఆరు నంబర్ నుంచి ఎనిమిదికి వెళ్లాయి. ఒళ్లొచ్చింది అనుకున్నాం. ఈలోపు షుగర్ వచ్చింది, దానికో డాక్టర్. చేతులు తిమ్మిర్లు, దానికి ఎముకల డాక్టర్. ముందు పళ్ల మధ్య సందులొస్తే డెంటిస్ట్. గురకకి మాత్రం ఏ డాక్టరూ లేడు, నాన్న దుప్పటి తీసుకుని హాల్లోకి మారిపోయారు, అంతే. ఎవరి మందు వాళ్లు రాసిచ్చారు. వాళ్లనీ అనడానికి లేదు, ఒక్కోటి విడిగా చూస్తే ఏదీ అంత భయపడే జబ్బులా కనిపించదు.

పట్టుకున్నది ఖమ్మంలో కళ్ల డాక్టరమ్మ. అద్దాలు మార్పించుకుందామని వెళ్తే బోర్డు మీద అక్షరాలన్నీ అమ్మ గడగడా చదివేసింది. ఇంకొకరైతే నంబర్ రాసి పంపేసేవాళ్లే. నేను ఊరికే, మాటల్లో, అమ్మ ఈమధ్య గుమ్మాలకి భుజం కొట్టుకుంటోంది, పక్కన మనిషి వచ్చి కూర్చున్నా చూసుకోవట్లేదు అన్నాను. ఆమె పెన్ను ఆపి, ఫీల్డ్ టెస్ట్ చేద్దాం అంది. పెద్ద తెల్ల గిన్నెలాంటి మెషీన్‌లో గడ్డం ఆనించి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. బయటికొచ్చిన కాగితంలో రెండు కళ్లకీ చెవులవైపు సగం నల్లగా ఉంది, జట్కా గుర్రానికి గంతలు కట్టినట్టు. ఆ కాగితం వెనకే ఆమె బొమ్మ గీసి చూపించింది. రెండు కళ్ల నరాలూ మెదడు కింద ఒకచోట కలుస్తాయి, బయటివైపు చూపు తెచ్చే పోగులు అక్కడే ఒకదాన్నొకటి దాటుకుంటాయి. సరిగ్గా దాని కింద శనగ గింజంత పిట్యుటరీ గ్రంథి ఉంటుంది, అది ఉబ్బితే ఆ దాటే చోటే నలుగుతుంది, అందుకే రెండు పక్కలా ఒకేలా పోతుంది. "అద్దాలు తర్వాత, రేపే ఎమ్మారై తీయించండి" అని పంపేసింది. ఆ రోజు అద్దాలు అంటగట్టకుండా పంపినందుకు ఆమెకి ఐదుకి ఐదు.

ఎమ్మారైలో 22 మిల్లీమీటర్ల గడ్డ. 10 దాటితేనే పెద్ద దాని కింద లెక్క. బాబాయ్ నిమ్స్‌కి తీసుకెళ్దాం అన్నాడు, నాన్నకి ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి మేం ప్రైవేట్ వైపు మొగ్గాం. తెల్లకార్డు ఉన్నవాళ్లు మాత్రం ఏ హాస్పిటల్‌కి వెళ్లినా ముందు ఆరోగ్యశ్రీ డెస్క్ దగ్గర అడగండి, తెలంగాణలో 2023 డిసెంబర్‌లో పరిమితి 10 లక్షలకి పెంచారు.

నేను నేరుగా న్యూరోసర్జన్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఆయన స్కాన్ చూసి "ముందు ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరికి వెళ్లి రండి, తర్వాత మాట్లాడదాం" అన్నారు. నాకు ఒళ్లు మండింది, ఇంకో కన్సల్టేషన్ ఫీజు లాగడానికే అనుకున్నా. ఎండోక్రైనాలజీ అంటే షుగర్ డాక్టర్ అనే నాకు తెలిసింది, హార్మోన్లన్నీ వాళ్లే చూస్తారని తెలీదు. ఆ డాక్టరేమో మేం లోపలికి వెళ్లగానే "అమ్మగారి పెళ్లి ఫొటో ఏమైనా ఉందా?" అన్నారు. తమ్ముడు ఆల్బమ్‌లోంచి ఒకటి తీసి వాట్సాప్‌లో పంపితే, ఫోన్ అమ్మ బుగ్గ పక్కన పెట్టి ఇద్దర్నీ చూడమన్నారు. దవడ, ముక్కు, కనుబొమల ఎముక, పెదాలు. ఇరవై నాలుగు గంటలూ కళ్లముందు ఉన్న ముఖం, నేను చూడనేలేదు. నాన్న అయితే ఫోన్ వంకే చూస్తూ ఉండిపోయారు.

జబ్బు పేరు అక్రోమెగలీ. పిట్యుటరీలోని గడ్డ గ్రోత్ హార్మోన్ ఎక్కువగా వదులుతుంది. చిన్నపిల్లలకైతే మనిషి తాటిచెట్టులా పెరుగుతారు, పెద్దవాళ్లలో ఎముకలు పొడుగు పెరిగే దశ అయిపోయి ఉంటుంది కాబట్టి చేతులు, కాళ్లు, దవడ, నాలుక పెరుగుతాయి. షుగర్ దానివల్లే, గురక ఆ పెరిగిన నాలుక వల్ల, తిమ్మిర్లు మణికట్టు దగ్గర నరం నొక్కుకోవడం వల్ల. ఖాయం చేసుకోవడానికి ఐజీఎఫ్-1 అని ఒక రక్త పరీక్ష, తర్వాత 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటల పాటు మళ్లీ మళ్లీ రక్తం తీయడం. మామూలు మనిషికి గ్లూకోజ్ పడగానే గ్రోత్ హార్మోన్ తగ్గిపోవాలి, అమ్మకి తగ్గలేదు. ఆయన ఇంకో మాట చెప్పారు, ఇది అందరికీ తెలియాలి: ఇదే గ్రంథిలో ప్రొలాక్టిన్ వదిలే రకం గడ్డ అయితే చాలామందికి మాత్రలతోనే కరిగిపోతుంది, ఆపరేషన్ దాకా వెళ్లక్కర్లేదు. అంటే హార్మోన్ పరీక్షలు చేయకుండా ఎవరైనా ఆపరేషన్ డేట్ ఇస్తే ఆగి అడగండి. నేను ఎగ్గొడదామనుకున్న కన్సల్టేషన్ అది.

సర్జన్ రెండోసారి పన్నెండు నిమిషాలు ఇచ్చారు (నేను గడియారం చూశా). తల తెరవరట, ముక్కులోంచి కెమెరా పెట్టి, ముక్కు వెనక గాలి గది దాటి వెళ్తారట. నాన్న "ముక్కులోంచా?" అని మూడుసార్లు అడిగారు. గడ్డ పక్కకి పాకి మెదడుకి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం వైపు వెళ్లి ఉంటే అక్కడ గీకనని, మిగిలితే నెలనెలా ఇంజెక్షనో రేడియేషనో ఉంటాయని మొహమాటం లేకుండా చెప్పారు. మొత్తం తీసేస్తా అని మాటివ్వలేదు. మంగళవారం అన్నారు, అమ్మ వద్దంది, నవ్వకుండా బుధవారం ఇచ్చారు.

ఇప్పుడు నాకు అందరికంటే నచ్చిన డాక్టర్ గురించి. మత్తు డాక్టర్. మత్తిచ్చే ఆమెకి అంత ముందుగా పనేముంటుంది అనుకున్నా. ఆమె అమ్మని నోరు తెరవమని, నాలుక చాపమని, తల వెనక్కి వంచమని, గడ్డం కింద వేళ్లతో కొలిచి, ఆ తర్వాత నాన్న వైపు తిరిగింది. "అంకుల్, గురక మధ్యలో ఊపిరి ఆగుతుందా?" "ఆగుతుందమ్మా. అప్పుడప్పుడూ లేచెళ్లి తట్టి వస్తుంటా." మాకెవరికీ చెప్పలేదు ఆ సంగతి, హాల్లో పడుకుని కూడా ఆయన గురక వింటూనే ఉన్నారన్నమాట. ఆమె వెంటనే నిద్ర పరీక్ష, గుండెకి ఎకో, కార్డియాలజిస్ట్ ఒపీనియన్ రాసింది. దవడ, నాలుక పెరిగినవాళ్లకి గొంతులో ట్యూబ్ వేయడం కష్టం, అందుకే కెమెరా ఉన్న పరికరాలు, ఇంకో సీనియర్‌ని పక్కన పెట్టుకుని మొదలుపెడతా అంది. ఆపరేషన్ తర్వాత ముక్కులో దూది కుక్కి ఉంటుంది, గురక జబ్బుకి మామూలుగా పెట్టే గాలి మాస్క్ కూడా పెట్టకూడదు, లేవగానే ముక్కు మూసుకుపోయి ఉంటే పేషెంట్లు బెదిరిపోతారు, అందుకని ఇంటి దగ్గర రోజూ పది నిమిషాలు ముక్కు పట్టుకుని నోటితో ఊపిరి తీయడం ప్రాక్టీస్ చేయమంది. అమ్మ సీరియల్ చూస్తూ చేసేది, అడ్వర్టైజ్‌మెంట్ వస్తే వదిలేసేది. మత్తులోంచి లేచాక అమ్మ కొంచెం కూడా కంగారు పడలేదు, పక్క బెడ్‌లో ఒకాయన దూది పీకేసుకోబోతే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. ఈమె బిల్లులో ఎక్కడో లోపలి పేజీలో ఒక లైను.

బుధవారం ఐదు గంటలు పట్టింది. మధ్యలో ఈఎన్‌టీ సర్జన్ బయటికొచ్చి "దారి చేసిచ్చాను, ఇప్పుడు న్యూరో సార్ తీస్తున్నారు, మూసేటప్పుడు మళ్లీ నేనే వెళ్తా" అని చెప్పి వెళ్లారు. ఆ రెండు ముక్కలకి నాన్న ఆ రోజు మొదటిసారి టీ తాగారు. సాయంత్రం ఐసీయూలో చూస్తే అమ్మ తొడ మీద కట్టు. ముక్కు ఆపరేషన్‌కి తొడ మీద కుట్లేంటి అని నాకు గుండె జారింది. గడ్డ తీసిన చోట మెదడు చుట్టూ ఉండే నీరు కారకుండా తొడలోంచి కొంచెం కొవ్వు, పొర తీసి మాటు వేస్తారట. సంతకం పెట్టిన కాగితంలో ఉంది, నేనే చదవలేదు.

ఐసీయూ నర్సులు గంటగంటకీ వచ్చి కళ్లలో టార్చ్ వేసి, వేళ్లు ఎన్ని అని అడిగి, పేరు, ఊరు, నెల అడుగుతారు. స్పృహ ఎంత ఉందో 15కి మార్కులేసి చార్టులో రాస్తారు. మొదటి రాత్రి కేరళ నర్సు ఒకామె ముద్దు ముద్దు తెలుగులో "అమ్మా, ఇది ఏ నెల?" అంటే అమ్మ "శ్రావణం" అంది. ఆ పిల్ల కంగారుగా అద్దంలోంచి నా వైపు చూసింది. కరెక్టే, శ్రావణమే అని చెప్పాక రాసుకుంది.

ఆ రాత్రే ఇంకోటి జరిగింది. యూరిన్ బ్యాగ్‌లోది గంటకోసారి కొలత జగ్గులో పోసి కొలుస్తున్నారు. ఒకటిన్నర ప్రాంతంలో వరసగా రెండు గంటలు మూడొందల ఎంఎల్ దాటింది. అదే నర్సు ఐసీయూ డాక్టర్‌ని లేపింది, ఆయన సోడియంకి రక్తం పంపి ఎండోక్రైనాలజిస్ట్‌కి ఫోన్ చేశారు, అర్ధరాత్రి ఆయన ఫోన్ ఎత్తారు. పిట్యుటరీ వెనక భాగంలో ఒంట్లో నీరు పట్టి ఉంచే హార్మోన్ ఉంటుంది, ఆపరేషన్లో అది కదిలితే కొళాయి విప్పినట్టు నీరంతా బయటికి పోతుంది. డెస్మోప్రెసిన్ అనే మందు ఇచ్చారు, తెల్లారేసరికి మామూలైంది. చెయ్యి తిరిగిన సర్జన్ ఇంట్లో నిద్రపోతున్న టైమ్‌లో అమ్మని కాచింది ఆ కొలత జగ్గు.

ఫిజియో అమ్మాయి రెండో రోజే నడిపించింది, కింద పడ్డది తీయాలంటే నడుం వంచకుండా మోకాళ్ల మీద కూర్చుని తీయడం నేర్పింది. మంచి పిల్ల. డైటీషియన్‌కి మాత్రం ఒకటిన్నర స్టార్. ముక్కు ఆపరేషన్ అయినవాళ్లు స్ట్రాతో పీల్చకూడదు, లోపల మాటు కదులుతుంది, బెడ్ దగ్గర బోర్డే ఉంది. కిచెన్ నుంచి జ్యూస్ స్ట్రా గుచ్చి వచ్చింది, రెండు రోజులు వరసగా. రెండోసారి నర్సు ఆ స్ట్రా పీకి ట్రే తెచ్చిన అబ్బాయి జేబులోనే పెట్టింది. పల్చటి ఇడ్లీ, చట్నీ లేదు, కారం లేదు, ముక్కులో దూది ఉండి అమ్మకి ఎలాగూ రుచి తెలియలేదు కాబట్టి బతికిపోయారు.

మూడో రోజుకి అమ్మ చేతులు చూసుకుని "వదులైంది" అంది. ఎముక తగ్గదు, కానీ కండలో పట్టిన వాపు గ్రోత్ హార్మోన్ పడిపోగానే రోజుల్లోనే దిగుతుందట. ఇక్కడిదాకా నా రేటింగ్ ఐదుకి ఐదు.

ఇక తిట్టాల్సింది. ఆదివారం డిస్చార్జ్ చేశారు. పొద్దున తొమ్మిదికి చెప్తే బిల్లింగ్, ఇన్సూరెన్స్ తేలేసరికి సాయంత్రం నాలుగు. ఈఎన్‌టీ సర్జన్ ఫీజు వేరుగా పడుతుందని అప్పుడే తెలిసింది, మొత్తం 5 లక్షల 60 వేలు, అందులో లక్షా చిల్లర మేం కట్టాం. అది సరే, దాని గురించి కాదు నా గోల. ఆదివారం కాబట్టి ఎండోక్రైనాలజిస్ట్ రాలేదు. ఒక డ్యూటీ డాక్టర్ ఫైల్ చేతిలో పెట్టి ముక్కు చీదకూడదు, వంగకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, ముక్కులోంచి నీళ్లలా కారితే వెంటనే రావాలి, స్టెరాయిడ్ మాత్ర సొంతంగా ఆపకూడదు అని గబగబా చెప్పాడు. అన్నీ సరైనవే. నాలుగో పేజీలో కింద చిన్న అక్షరాల్లో "ఏడో రోజు సీరం సోడియం" అని ఒక లైను ఉంది. అది నోటితో చెప్పలేదు. ఎందుకు ముఖ్యమో అసలే చెప్పలేదు.

కూకట్‌పల్లిలో మా ఇంటికి తీసుకొచ్చాం. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ రెండేసి కొబ్బరి బోండాలు తెచ్చారు. అత్తయ్య అయితే "ఆపరేషన్ వేడి, నీళ్లు బాగా తాగించు" అని పక్కనే కూర్చుని తాగించింది. మంగళవారం రాత్రి తలనొప్పి, వాంతి. గ్యాస్ అనుకున్నాం. బుధవారం పొద్దున అమ్మ నన్ను పిన్ని పేరుతో పిలిచింది, మళ్లీ మగతగా కళ్లు మూసుకుంది.

ఎమర్జెన్సీలో సోడియం 121. ఉండాల్సింది 135 నుంచి 145. ఎండోక్రైనాలజిస్ట్ ఓపీ మధ్యలో దిగి వచ్చి అడిగిన మొదటి మాట "ఎన్ని నీళ్లు తాగించారు?" అని. మొదటి రాత్రి తగ్గిన అదే హార్మోన్, వారం తిరిగేసరికి కొందరిలో ఉన్నట్టుండి ఎక్కువగా వదులుతుందట, ఒంట్లో నీరు నిలిచిపోయి ఉప్పు పల్చబడుతుంది. దాని మీద మేం బోండాలు పోశాం. నీళ్లు రోజుకి ఒక లీటరుకి కట్టేశారు, ఎక్కువ ఉప్పున్న సెలైన్ చుక్కచుక్కగా ఎక్కించారు, సోడియం గబుక్కున పెరిగినా మెదడుకి ప్రమాదమేనట, అందుకని కొన్ని గంటలకోసారి రక్తం తీస్తూనే ఉన్నారు. మూడు రోజులు. అమ్మ మళ్లీ నన్ను నా పేరుతో పిలిచేదాకా నేను ఏం తిన్నానో గుర్తులేదు.

రెండో అడ్మిషన్ బిల్లు 48 వేలు. పేషెంట్ రిలేషన్స్ డెస్క్‌లో అడిగితే "సమ్మరీలో రాశాం కదా మేడమ్" అన్నారు. రాశారు, నిజమే. తెలుగు మాత్రమే చదవగలిగే నాన్నకి ఇంగ్లిష్‌లో, నాలుగో పేజీలో. అర్ధరాత్రి ఒకరికొకరు ఫోన్లు చేసుకున్న ఇంతమంది, ఆదివారం మధ్యాహ్నం మాకు ఒక్క మాట చెప్పలేకపోయారు. ఎండోక్రైనాలజిస్ట్ ఒక్కరే "అది మేం కూర్చోబెట్టి చెప్పాల్సింది, తప్పు మాదే" అన్నారు. రెండో డిస్చార్జ్ అప్పుడు ఐసీయూ నర్సే పైకొచ్చి, నీళ్ల కొలతకి ఒక లీటరు బాటిల్ మీద మార్కర్‌తో గీత గీసి, సోడియం తేదీ నాన్న ఫోన్‌లో అలారం పెట్టించి వెళ్లింది. ఆ పని ఆమెది కాదు.

అసలు మా కంటికి కనిపించనివాళ్లు ఇద్దరున్నారు, స్కాన్ చదివిన రేడియాలజిస్ట్, గడ్డ ముక్కని మైక్రోస్కోప్ కింద చూసిన పాథాలజిస్ట్. బయాప్సీ రిపోర్ట్ తొమ్మిది రోజులకి వచ్చింది. గ్రోత్ హార్మోన్ కణాలే, అందులోనూ గింజలు ఒత్తుగా ఉన్న రకం. రేపు ఏమైనా మిగిలిందని తేలినా ఈ రకం నెలవారీ ఇంజెక్షన్‌కి బాగా లొంగుతుందట. ఆ కాగితం నేను లామినేషన్ చేయించా.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటిదొస్తే సర్జన్ గురించి అడగండి, కానీ అక్కడితో ఆగొద్దు. ఎండోక్రైనాలజిస్ట్ ఆ హాస్పిటల్‌లోనే ఉంటారా, వారానికి రెండుసార్లు వచ్చి వెళ్లేవాళ్లా? రాత్రి ఐసీయూలో ఉండేది ఎవరు, వాళ్లు ఎవరికి ఫోన్ చేస్తారు? ముక్కు వైపు ఆపరేషన్ అయితే ఈఎన్‌టీ ఆయన ఆ సర్జన్‌తో ఎన్నాళ్లుగా కలిసి చేస్తున్నారు? నేను అడిగినప్పుడు రిసెప్షన్ అమ్మాయి వింతగా చూసింది, అయినా కనుక్కుని చెప్పింది. ఆదివారం డిస్చార్జ్ అంటే మాత్రం సోమవారం దాకా ఆగుతామని చెప్పండి, ఒక్క రోజు రూమ్ రెంట్ పోతే పోనీ.

మూడు నెలల చెకప్ మొన్నే అయింది. ఎమ్మారై శుభ్రంగా ఉంది, ఐజీఎఫ్-1 అమ్మ వయసుకి ఉండాల్సిన లెక్కలోకి వచ్చింది, షుగర్ మాత్ర సగానికి తగ్గించారు. ఖమ్మం డాక్టరమ్మ దగ్గర ఫీల్డ్ టెస్ట్ మళ్లీ చేయిస్తే ఒక మూల కొంచెం నలుపు మిగిలింది, అంతే. అద్దాలు ఇప్పుడిచ్చింది. నాన్న మళ్లీ గదిలోకి మారారు. దవడ, పళ్ల సందులు అలాగే ఉంటాయి. గాజులు రెండు ఎనిమిది పడుతున్నాయి, సబ్బు లేకుండా.

మొత్తం మీద నాలుగు స్టార్లు. ఆ ఒకటి ఆదివారానికి కోశా. ఈ జబ్బు ఉన్నవాళ్లకి పెద్ద పేగులో పిలకలు వచ్చే అవకాశం ఎక్కువట, అందుకని వచ్చే నెల గ్యాస్ట్రో డాక్టర్ దగ్గర కొలనోస్కోపీ రాశారు. అదెక్కడినుంచి చేస్తారో అమ్మకి ఇంకా చెప్పలేదు.